మిల్లు ఆటలో మేనేజర్

మేడం ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, ఇవాళ్టి నుంచి పాఠాల్లేవు, ఆటే అనగానే క్లాసంతా ఈలలు వేసింది. నేను వేయలేదు. యాభై దాటినవాడు ఈల వేస్తే బాగుండదని కాదు. ఆట అన్నా పాఠం అన్నా అప్పట్లో నాకు ఒకేలా వినిపించేది. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తాడు చూడండి, ఆ తర్వాత చెంప మనదో పక్కవాడిదో తెలీదు. నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

ముందు ఆ క్లాసు సంగతి చెప్పాలి. కాలేజీలో చేరినవాళ్ళలో రాత పరీక్ష తప్పినవాళ్ళందరినీ పోగేసి ఒక గదిలో కూర్చోబెడతారు. దానికి పెద్ద పేరేదో ఉంది గానీ పిల్లలు మాత్రం రిపేరు షెడ్డు అంటారు. కింది అంతస్తులో, జెనరేటర్ గది పక్కన. కిటికీ తీస్తే పార్కింగ్‌లో బండ్ల చక్రాలు తప్ప ఏమీ కనపడవు. రాసుకోవడానికి చెక్కపలక బిగించిన కుర్చీలు. నా పొట్టకీ ఆ పలకకీ పడదు. పక్కకి తిరిగి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. షెడ్డులో నాది అప్పటికే రెండోసారి. ఈసారీ తప్పితే కాలేజీ పేరు కొట్టేస్తుంది. నాకే కాదు, ఆ గదిలో చాలామందికి అదే ఆఖరి చాన్సు.

ఈ వయసులో కాలేజీ ఏంటంటారా? నేను సీసాల ఫ్యాక్టరీ మనిషిని. మీసం రాని రోజుల్లో చేరాను, మీసం నెరిసేదాకా అక్కడే. చెకింగ్ సెక్షన్. చల్లారిన సీసాలు బెల్టు మీద వరసగా వస్తాయి. వాటి వెనక తెల్లటి లైటు, ముందు స్టూళ్ళ మీద మేము. ఆ లైటులో సీసా కడుపులో ఏముందో మొత్తం తెలిసిపోతుంది. బుడగ ఉందా, చీలిక ఉందా, అడుగు పల్చబడిందా. లోపమున్నదాన్ని మెడ పట్టుకుని తీసి డబ్బాలో పడేయాలి. బుడగకొక డబ్బా, చీలికకొకటి, పల్చటి అడుగుకొకటి. కారణం లేకుండా సీసా తీసేయడానికి లేదు. ఎందుకు తీశావని ఫోర్‌మన్ అడిగితే వేలు పెట్టి చూపించాలి.

తర్వాత బెల్టుకి కెమెరాలు పెట్టారు. ఒక సాయంత్రం మా సెక్షన్లో తలా ఒక కాగితం ఇచ్చారు. 'పరిపాలనాపరమైన కారణాల దృష్ట్యా తమ సేవలు ఇకపై అవసరం లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' దాన్ని మడిచి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. ఏంటండీ అది అంది మా ఆవిడ. ఏం లేదు అన్నాను. ఆ సూది అప్పుడు పడిందే.

మా బావమరిది ఒక కోల్డ్ స్టోరేజీలో పైస్థాయి ఉద్యోగి. ఇంటికొచ్చి సోఫాలో కూలబడి, "బావా, నీకు సూపర్‌వైజర్ పోస్టు మాట్లాడాను," అన్నాడు. "కాకపోతే అది మోసే పని కాదు, రాసే పని. ఎవరు రాలేదు, ఏది పాడైంది, ఎవర్ని మందలించాలి, ఎవర్ని మాన్పించాలి, అన్నీ కాగితమే. కాలేజీలో రాత పాసైన సర్టిఫికెట్ తెచ్చుకో. ఈ ఏడాదికి కుర్చీ అట్టిపెడతా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"మీ బావ సంతకం పెట్టడానికే పెన్ను వెతుక్కుంటాడురా," అంది మా ఆవిడ.

"అందుకే కదక్కా కాలేజీ!"

ఇదీ నా కథ. పాసైతే కుర్చీ. తప్పితే ఇల్లు, ఫ్రిజ్, ఫ్రిజ్ మీద కాగితం.

ఇక ఆట సంగతి. "దీన్ని సిమ్యులేషన్ గేమ్ అంటారు," అంది మేడం. "నిజం కాదు, కానీ నిజంలా నడుస్తుంది."

"సిమ్ కార్డు కూడా ఇస్తారా మేడం?" అన్నాడు వెనక నుంచి హెల్మెట్. పార్సిళ్ళు డెలివరీ చేసే కుర్రాడు. హెల్మెట్ మోచేతి నుంచి దించడు, పరీక్ష కూడా అలాగే రాస్తాడు, అందుకే ఆ పేరు.

"ఇస్తాను. కానీ ఇక్కడ మాట్లాడ్డానికి ఉండదు."

బోర్డు మీద ఒక బట్టల మిల్లు బొమ్మ గీసింది. గేటు, దారం సెక్షన్, బాయిలర్, మేనేజర్ గది. అట్టపెట్టెలోంచి తలా ఒక కార్డు తీసుకోమంది. ఎవరికి ఏ కార్డు వస్తే మిల్లులో వాళ్ళు ఆ మనిషి. రూలు ఒక్కటే. మిల్లులో ఎవరికి ఏం చెప్పాలన్నా కాగితం మీదే చెప్పాలి. అందుకున్నవాళ్ళు చదివి, లేచి నిలబడి, తమకేం అర్థమైందో సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. రాసినవాడు అనుకున్నదీ చదివినవాళ్ళు చెప్పిందీ ఒకటైతే కాగితం నెగ్గినట్టు. లేదంటే చదివినవాళ్ళకి ఏం అర్థమైతే మిల్లులో అదే జరుగుతుంది. నెగ్గనిదాన్ని మళ్ళీ రాసుకోవచ్చు, కానీ చివర్లో ఎవరి ఫైల్లో వాళ్ళ కాగితాలన్నీ నెగ్గి ఉండాలి. అదే పరీక్ష.

హెల్మెట్‌కి మెకానిక్ కార్డు వచ్చింది. నాకు మేనేజర్‌ది. నా పక్క కుర్చీలో అమ్మాయికి దారం సెక్షన్లో వర్కర్ కార్డు.

ఆ అమ్మాయిని అందరూ నత్త అనేవాళ్ళు. ఆమె రాస్తుంటే చూడాలి. ఒక అక్షరం పెట్టి, కాస్త వెనక్కి జరిగి, అది కదలకుండా ఉందో లేదో చూసి, అప్పుడు రెండోది పెట్టేది. పరీక్ష తప్పింది కూడా అందుకే. రాసినంతవరకూ తప్పుండదు, కాకపోతే సగం కూడా పూర్తవదు. నత్తా అని పిలిస్తే పలికేది. "నత్తకైతే వీపు మీద సొంతిల్లుంటుంది, నాకదీ లేదు," అని నవ్వేది.

మొదటి కాగితం హెల్మెట్‌దే. బాయిలర్‌లో ఒత్తిడి పెరిగిందని కార్డులో ఉంది, ఆ సంగతి వర్కర్లకి తెలియజేయాలి. 'బాయిలర్ దగ్గర జాగ్రత్త. ఇట్లు మెకానిక్' అని రాసి కాలు మీద కాలేసుకున్నాడు. చదవాల్సింది నత్త. లేచి నిలబడింది.

"బాయిలర్ దగ్గర చూసుకుని పని చేసుకోమన్నాడు మేడం."

"పని ఆపమన్నాడా?"

"లేదు."

"నేను ఆపమనే రాశా! జాగ్రత్త అంటే ఆగమనేగా!"

మేడం డస్టర్ తీసుకుని బోర్డు మీద బాయిలర్‌ని తుడిచేసింది. "పేలింది."

"ఎవరైనా పోయారా మేడం?" హెల్మెట్ నిజంగానే అడిగాడు.

"ఈసారికి లేదు. కానీ మిల్లు సగమే నడుస్తుంది. వర్కర్లలో సగం మందిని తీసేయాలి. ఎవర్ని తీయాలో మేనేజర్ ఇష్టం, ఎంతమంది అన్నది మాత్రం మారదు. తీసేసే ప్రతి మనిషికీ నోటీసు రాయాలి. నోటీసు అందుకున్నవాళ్ళు అప్పీలు రాయాలి, దానికి మేనేజర్ జవాబివ్వాలి. అక్కడితో ఆట ఆఖరు."

అందరూ నా వైపు తిరిగారు. పనిలో ఉంచమని ముందుగా ఒక అర్జీ పెట్టుకోవచ్చు అంది మేడం.

తర్వాతి క్లాసుకి అర్జీలు వచ్చాయి. చదివి తిరిగి చెప్పాల్సింది నేను. మొదటిది నత్తది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోదు, తను ఆడపిల్లైనా ఇల్లు నడిపేది తనే. చెప్పి కూర్చున్నాను. రెండోది హెల్మెట్‌ది. చదివాను, లేచాను.

"మెకానిక్ గారి అమ్మకి ఒంట్లో బాగోదు. ఆయన ఆడపిల్లైనా ఇల్లు నడిపేది ఆయనే."

గది అదిరిపోయేలా నవ్వారు. మూడోది తీశాను, అందులోనూ ఆడపిల్లే. నాలుగోదాన్లోనూ. నత్త కాగితం శుభ్రంగా ఉందని క్లాసు మొదలవకముందే అందరూ దించేసుకున్నారు.

"మన షెడ్డులో ఇంతమంది ఆడపిల్లలున్నట్టు ఇన్నాళ్ళూ చెప్పలేదే!" అంది మేడం.

"మా అమ్మకి నిజంగానే మోకాళ్ళ నొప్పి మేడం," అన్నాడు హెల్మెట్, "అందుకే దించా."

ఫ్యాక్టరీలో అచ్చుకి ఎక్కడైనా గీత పడితే అందులో పోసిన సీసాలన్నిటికీ అదే చోట అదే గీత ఉంటుంది. ఆ రోజు నా ముందున్న కాగితాలు అలాగే ఉన్నాయి. అచ్చు ఏదో, పోత ఏదో చూడగానే తెలిసింది. దించిన అర్జీలన్నిటినీ మేడం కొట్టేసింది. అప్పుడు నేనూ నవ్వానట. నత్త తర్వాత చెప్పింది. నాకైతే గుర్తులేదు.

నా నోటీసుల వంతు వచ్చింది. మేడం ఇచ్చిన పేర్ల కాగితం ముందు పెట్టుకుని సగానికి టిక్కులు పెట్టాను. ఏమని రాయాలో ఆలోచించే పనే పడలేదు. ఆ వాక్యం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. పరిపాలనాపరమైన కారణాల దృష్ట్యా. అందరికీ అదే రాశాను. చేయి దానంతటదే కదిలింది. ఇన్నాళ్ళలో నేను ఆగకుండా రాసింది అదొక్కటే.

హెల్మెట్ లేచాడు. "నాకర్థమైందేంటంటే మేడం, బాబాయ్‌కి నేనంటే పడదు."

ఇంకొక అబ్బాయి లేచాడు. "ఏదో పరిపాలన జరుగుతోంది. దాంతో మనకి సంబంధం లేదు."

నత్త చాలాసేపు చదివింది. "సేవలు అక్కర్లేదన్నారు. పని అక్కర్లేదని అనలేదు. రేపు రావచ్చనుకుంటున్నా."

ఒక్కటీ నెగ్గలేదు.

"ఇది ఎవరి మాటండీ?" అని మేడం నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

"మా ఫ్యాక్టరీది."

"మీరూ దించేశారన్నమాట." నవ్వుతూనే అంది. "వాళ్ళ మాట వాళ్ళకుంచండి. మీరు కారణం రాయండి. ఎందుకు తీసేస్తున్నారో ఆ మనిషికి తెలియాలి."

"కారణం ఉంటేగా మేడం."

"లేకుండా ఎలా ఎంచారు మరి?"

ఇంటికెళ్ళి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎవర్ని తీసేస్తున్నారు మేనేజర్ గారూ?" అంది. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. నేను దాన్ని ట్యూబులైటుకి ఎత్తి చూశాను.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? గ్లాసు లైటుకి పెట్టి చూడకండి. చుట్టాల ముందు కూడా అదే. నేనేదో సరిగ్గా కడగనట్టు!"

"అలవాటే."

"ఆ అలవాటుకి జీతం ఆగిపోయింది. మీరూ ఆగండి."

గ్లాసు బాగానే ఉంది. తాగాను. అప్పుడు తట్టింది, నాకొచ్చిన పనితోనే రాయొచ్చని. ఒక్కొక్క మనిషినీ లైటు ముందు పెట్టినట్టు తలుచుకున్నాను. ఎక్కడో ఒకచోట లోపం ఉండకపోదు. హెల్మెట్: మీరు జాగ్రత్త అని రాస్తే బాయిలర్ పేలింది. ఇంకొకడు: మీరు వారంలో సగం రోజులు రారు. ఇలా రాసుకుంటూ పోయాను. వేలు పెట్టి చూపించినట్టు. బాగా వచ్చింది. మా ఆవిడ పడుకున్నాక కూడా కూర్చుని పూర్తిచేశాను.

క్లాసులో ఒక్కొక్కరూ లేచి చెప్పారు. అన్నీ నెగ్గాయి. "నేను రాసిన దానివల్లే బాయిలర్ పోయింది, అందుకే నేనూ పోయా," అన్నాడు హెల్మెట్, "న్యాయమే బాబాయ్." మేడం నా ఫైల్లో టిక్కు మీద టిక్కు పెడుతోంది. చివరిది నత్తది. అందులో ఇలా రాశాను: 'మీరు నెమ్మది. మీ పక్కవాళ్ళు రెండు చేసేలోపు మీరు ఒకటి చేస్తారు. మిల్లుకి అంత టైము లేదు. అందుకే తీసేస్తున్నాం.'

నత్త చదివింది. లేచింది. "నేను నెమ్మది. పక్కవాళ్ళు రెండు చేసేలోపు నేను ఒకటి చేస్తాను. అంత టైము ఎవరికీ లేదు. అందుకే తీసేశారు."

ఎవరూ నవ్వలేదు. హెల్మెట్ కూడా. "తిరిగి చెప్పింది సరిపోయింది," అని మేడం టిక్కు పెట్టింది. ఇంకేదో అనబోయింది కానీ గంట కొట్టేశారు. నత్త సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. నా నోటీసులన్నీ నెగ్గాయి. సంతోషించాలి కదా అనుకున్నాను. నాలుకతో తడుముకుంటే చెంప ఇంకా లేదు.

ఆ తర్వాతి క్లాసులో అప్పీళ్ళు. నత్త రాలేదు. ఆ పై క్లాసుకీ రాలేదు. నోటీసులందుకున్న మిగతావాళ్ళందరూ అప్పీళ్ళు రాశారు. జవాబులు రాశాను, కిందామీదా పడి నెగ్గించుకున్నాను. ఒక్క నత్తదే ఖాళీ. మేడం ఫైలు చూపించింది. "ఆమె అప్పీలు రాకపోతే ఆమె తప్పినట్టే. మీ ఆఖరి జవాబు కూడా ఉండదు, కాబట్టి మీరూ. ఆఖరి క్లాసు ఒక్కటే మిగిలింది. నేను ఫోన్ చేశాను, ఎత్తడం లేదు."

"ఆ పిల్ల కోసం కాకపోయినా, మీ కోసమైనా వెళ్ళండి బాబాయ్," అన్నాడు హెల్మెట్. "బస్టాండ్ వెనక ఇస్త్రీ షాపులో చేస్తుంది. నేను అటే డెలివరీకి వెళ్తున్నా, ఎక్కండి. ఇంకో హెల్మెట్ లేదు గానీ."

షాపు ముందు దింపి వెళ్ళిపోయాడు. లోపల ఆవిరి. నత్త ఒక బల్ల దగ్గర కూర్చుని చొక్కా కాలర్లకి నెంబరు చీటీలు గుచ్చుతోంది. ఒకటి గుచ్చి, వెనక్కి జరిగి, చూసి, పక్కన పెట్టి. నన్ను చూసి స్టూలు జరిపింది.

"కూర్చోండి బాబాయ్."

"క్లాసుకి రావట్లేదేం తల్లీ?"

"వచ్చి ఏం చేయాలి?"

"అప్పీలు రాయాలి. లేకపోతే నువ్వూ తప్పుతావు, నేనూ తప్పుతాను."

"మీరు తప్పుతారనా వచ్చారు?"

"ఆ," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. ఆమెకి నవ్వొచ్చింది.

"ఆ నోటీసుకి అప్పీలు ఎలా రాయాలి బాబాయ్? నేను నెమ్మది కాదని రాయనా? నెమ్మదే కదా."

"ఆట అమ్మా అది. నీ గురించి కాదు. కార్డులో అలా ఉంది."

నత్త చీటీ పక్కన పెట్టింది. "కార్డులో ఏముందో మీకు గుర్తుందా? 'కొత్తగా చేరింది, పని నేర్చుకుంటోంది' అని ఉంది. అంతే. నెమ్మది అని ఎక్కడా లేదు. మీ దగ్గరున్న పేర్ల కాగితంలో కూడా అదే ఉంటుంది. చూడండి."

కాగితం జేబులోనే ఉంది. తీశాను. అదే ఉంది. ఒక్కొక్క పేరు పక్కనా ఒక్కొక్క లైను. ఏ లైన్లోనూ లోపం లేదు. ఎక్కువ రోజులు రాని వర్కరు అని ఎవరి పక్కనా లేదు. నేను పేర్లు చూసి, క్లాసులో మనుషుల్ని తలుచుకుని రాసేశాను. కార్డు చదవనే లేదు.

"లోపం లేకుండా ఎలా తీసేస్తారమ్మా?" అన్నాను. నిజంగానే అడిగాను. "తీసేశామంటే ఏదో ఒకటి ఉండాలిగా. నేను వెతికాను."

"మరి మీ ఫ్యాక్టరీలో మిమ్మల్నెందుకు తీశారు?"

"అదే తెలీదు. ఆలోచిస్తూనే ఉన్నా. కళ్ళు మందగించాయేమో. ఒకసారి చీలికలున్న సీసాలు కొన్ని నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయి, అది గుర్తుపెట్టుకున్నారేమో. ఫోర్‌మన్‌కి ఎదురు చెప్పానేమో."

"మీ ఒక్కరినేనా?"

"సెక్షన్ మొత్తాన్ని."

"మొత్తానికీ లోపముందా బాబాయ్?"

నోరు అలవాటుగా జవాబు చెప్పింది. "అన్నిటికీ ఒకే గీత ఉందంటే అచ్చులో ఉన్నట్టు."

"అచ్చు మీదా, వాళ్ళదా?"

పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తున్న షాపు ఓనరమ్మ తలెత్తింది. "అచ్చులూ సీసాలూ తర్వాత మాట్లాడుకుందురు. చొక్కాలు కానీ తల్లీ!"

"అవుతున్నాయి పిన్నీ," అంది నత్త. అవుతూనే ఉన్నాయి, ఆమె లెక్కలో.

వెళ్తూ, "నోటీసు మార్చి రాస్తాను. వస్తావా?" అన్నాను. ఆమె చీటీ గుచ్చింది. వెనక్కి జరిగి చూసింది. "రాసి చూడండి," అంది.

నెగ్గిన కాగితాన్ని వెనక్కి తీసుకుంటానంటే మేడం వింతగా చూసింది. "టిక్కు కొట్టేయాలి తెలుసా? కొత్తది నెగ్గకపోతే పాతది తిరిగి రాదు."

"కొట్టేయండి."

ఆఖరి క్లాసు రోజు నత్త వచ్చింది, కాస్త ఆలస్యంగా. హెల్మెట్ కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు. నా కాగితం ఇచ్చాను. ఇలా రాశాను:

'మీలో లోపం లేదు. బాయిలర్ పోయింది కాబట్టి మిల్లుకి సగం మందే చాలు. ఎవర్ని తీయాలో నేను ఎంచాను. మీరు కొత్తగా చేరారు. తీసేసినా గొడవ చేయరు, నోరెత్తరు అనుకున్నాను. అందుకే మీ పేరు పెట్టాను.'

నత్త చదివి లేచింది. "నా తప్పేం లేదు. అయినా తీసేశారు. నేను నోరెత్తనని."

"ఇదేనా మీరు రాసింది?" అంది మేడం.

"ఇదే."

టిక్కు పడింది. ఇక అప్పీలు. నత్త కాగితం ముందు పెట్టుకుంది. ఒక అక్షరం పెట్టింది. వెనక్కి జరిగి చూసింది. జెనరేటర్ ఆగింది, మళ్ళీ మొదలైంది. పిల్లలందరూ ఫైళ్ళు ఇచ్చేసి, వెళ్ళకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు. "తొందరపడకు నత్తా," అన్నాడు హెల్మెట్. వెంటనే, "అంటే, తొందరగా తొందరపడకు," అన్నాడు. ఎవరో వాడి నెత్తి మీద ఒకటిచ్చారు.

నేను గోడ గడియారం చూస్తున్నాను. నా జవాబుకి టైము తరిగిపోతోంది. అది తెలుస్తూనే ఉంది, కానీ గుండె కొట్టుకోవడం లాంటిదేమీ లేదు. బెల్టు మీద సీసాలు వస్తున్నట్టు ముల్లు కదులుతోంది.

చివరికి ఇచ్చింది. చిన్నదే.

'మేనేజర్ గారికి. నేను నోరెత్తనని మీరు అనుకున్నారు. ఇప్పుడు ఎత్తుతున్నాను. నేను పని నేర్చుకుంటున్నాను. నేర్చుకునేదాకా నన్ను ఉంచండి. తర్వాత పనికిరానంటే అప్పుడు చెప్పండి.'

లేచి తిరిగి చెప్పాను. నాకు సొంత మాటలు దొరకలేదు, ఆమె మాటలే చెప్పాను. మేడం నత్త వైపు చూసింది. నత్త తలూపింది. ఆమె ఫైలు నిండింది. ఆమె పాసైపోయింది.

ఇక నా జవాబు. ఉంచుతాననో ఉంచననో రాయాలి, ఎందుకో రాయాలి. ఉంచుతాను అని రాయాలని ఉంది. ఆ గదిలో అందరికీ అదే ఉంది, ముఖాలు చూస్తే తెలుస్తోంది. కానీ సగం అంటే సగమే. ఆమెని ఉంచితే ఇంకొకరిని తీయాలి. ఆ ఇంకొకరికి నోటీసు రాయాలి, వాళ్ళు అప్పీలు రాయాలి, దానికి జవాబు రాయాలి. గడియారంలో అంత లేదు. ఉంచుతాను అంటే నా ఫైలు నిండదు. కోల్డ్ స్టోరేజీలో ఆ కుర్చీ కనిపించింది. దాని మీద నేను లేను, ఊరికే కుర్చీ.

రాశాను.

'మీ అప్పీలు చదివాను. మీరు అడిగింది న్యాయం. మిమ్మల్ని ఉంచడం లేదు. ఉంచితే ఇంకొకరిని తీయాలి, వాళ్ళకి కాగితం రాయాలి. దానికి నాకు టైము లేదు. ఇంకే కారణమూ లేదు.'

నత్త చదివింది. ఈసారి త్వరగానే లేచింది.

"నేనడిగింది న్యాయమే. అయినా ఉంచరు. ఎందుకంటే ఆయనకి టైము లేదు."

"సరిపోయిందాండీ?" అంది మేడం.

"సరిపోయింది."

టిక్కు పెట్టింది. కాసేపటికి గంట కొట్టారు. మేడం బోర్డు మీద మిల్లుని తుడిచేసింది, గేటుతో సహా.

బయట బస్టాపులో నత్త నా పక్కన నిలబడింది. ఇద్దరం పాసే. అభినందనలు అంటే బాగుండదేమో అని నేను అనలేదు.

"బాబాయ్, మీ ఆఖరి కాగితం బాగా అర్థమైంది," అంది.

"కోపం వచ్చిందా?"

ఆలోచించింది. ఆమె ఆలోచించడం కూడా రాసినట్టే ఉంటుంది. "ముందు దానికి ఏడుపొచ్చింది. దీనికి కోపమొచ్చింది. కోపమే నయం." బస్సొచ్చింది. ఎక్కేసింది.

ఇంటికెళ్ళాను. పాసయ్యానని చెప్పాను. మా ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది, కుర్చీ తుడిపించమని అరిచింది, ఫోన్ పెట్టేసి నా ముఖం చూసింది.

"ఏంటండీ అలా ఉన్నారు? పాసైనవాళ్ళు ఇలాగే ఉంటారా?"

"ఫ్యాక్టరీలో నన్నెందుకు తీసేశారో తెలుసా?"

"కెమెరాలొచ్చాయని. ఊరందరికీ తెలుసు. నేను ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు."

"మరి?"

"ఇవాళ అర్థమైంది."

ఆమె ఫ్రిజ్ మీద నుంచి ఆ కాగితం తీసి, "ఇక దీన్ని పడేయనా?" అంది. ఉంచినా పడేసినా ఒకటేలే అన్నాను. ఆమె దాన్ని మళ్ళీ అక్కడే పెట్టింది. సోమవారం నుంచి కోల్డ్ స్టోరేజీలో నేనూ ఎవరెవరికో రాస్తాను. ఎవర్ని మాన్పించాలి అని బావమరిది అన్న మాట గుర్తొచ్చింది. టైము లేదనే రాయాల్సి వస్తుందేమో. రాయాల్సి వస్తే అదే రాస్తాను.

మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. చేయి దానంతటదే లైటుకి లేచింది. ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. అంచుకి కాస్త కింద ఒక బుడగ ఉంది, ఆవగింజంత. ఇన్నాళ్ళూ ఆ గ్లాసుతోనే తాగుతున్నాను.

తాగేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అది మాత్రం తెలిసింది.